మంజూరైన తగువు

నా చేతిరాత బాగుంటుంది. నా కొంప ముంచింది అదే. లేకపోతే గట్టువలసకీ పల్లవలసకీ మధ్య తగువులు నమోదు చేసే ఉద్యోగం నాకెందుకు పడుతుంది? నేనేం పాపం చేశానని?

ముందు ఊళ్ళ సంగతి చెప్పాలి. పిల్లేరు అని ఒక చిన్న ఏరుంది. దాని ఎగువ ఒడ్డున ఉన్నది గట్టువలస, అది ఎగువదేశం. దిగువ ఒడ్డున ఉన్నది పల్లవలస, అది దిగువదేశం. రెండు దేశాలకీ రెండు జెండాలున్నాయి, రెండు జాతీయగీతాలున్నాయి, రెండు రకాల తపాలా బిళ్ళలున్నాయి. ఏరు మాత్రం ఒక్కటే. తాము వేరే వేరే దేశాలవాళ్ళమని ఆ ఊళ్ళవాళ్ళకి తెలియక కాదు. తెలుసు. జనాభా లెక్కలప్పుడు గుర్తు చేసుకునేవాళ్ళు.

పల్లవలసలో గవరమ్మ అని ఒకావిడ ఉంది. మొగుడు పోయాడు. ఎకరన్నర పల్లపు పొలం ఉంది, ఏడాది పొడుగునా ఆమె తినేది అందులో పండిందే. వానలు మొదలవగానే ఏరు పొంగి ఓ పది పదిహేను రోజులు ఆ పల్లం నీట మునిగిపోతుంది. అక్కడ ఆకుమడి పోస్తే విత్తనం కుళ్ళిపోతుంది. అందుకని ఆమె నారు, అక్కడివాళ్ళు ఆకు అంటారు, అవతలి దేశంలో, గట్టువలస సన్యాసినాయుడి మెరక చేలో పోస్తుంది. నీరు తీశాక నాయుడి ఎద్దులు వచ్చి ఆమె పొలం దమ్ము చేస్తాయి. నారు కట్టలు ఏరు దాటుతాయి. ఊడుపులు అవుతాయి. దానికి బదులు పల్లవలస ఆడవాళ్ళు పదిమంది ఏరు దాటి నాయుడి పొలం ఊడ్చి వస్తారు. అత్తల కాలం నుంచీ ఇదే పద్ధతి. ఎవరూ కాగితం రాసుకోలేదు. రాసుకోవాలని తోచేంత చదువు ఎవరికీ లేదు.

ఇలా ఉండగా రెండు ప్రభుత్వాలకీ ఒకేసారి స్నేహం పుట్టుకొచ్చింది. పుట్టిన స్నేహాన్ని ఊరికే ఉంచకూడదు కదా, దానికో పథకం పెట్టారు. పొరుగుదేశాల సరిహద్దు సహకార పెంపుదల పథకం. దిగువదేశం తరపున డైరెక్టరు విశ్వంభరమూర్తి గారు, నిండైన మనిషి, గొంతు సవరించుకోకుండా మాట మొదలుపెట్టరు. ఎగువదేశం తరపున డైరెక్టరు చక్రధరం గారు, సన్నటి మనిషి, కళ్ళజోడు తుడుచుకోకుండా మాట ముగించరు. ఇద్దరూ ఒకరినొకరు "తమరు" అనుకునేవారు.

ఆఫీసు ఏ దేశంలో పెట్టినా రెండో దేశం నొచ్చుకుంటుందని ఏటి మధ్యలో గుంజలు పాతి, వాటి మీద చెక్కలు పరిచి, పైన రేకులు వేశారు. నా బల్ల ఎడమ సొరుగు దిగువదేశంలోను, కుడి సొరుగు ఎగువదేశంలోను ఉండేవి. నేను ఏ దేశం వాణ్ణని అడక్కండి, కుర్చీ సరిగ్గా మధ్యలో వేశారు.

మొదటి పని సర్వే. నలభై ప్రశ్నల ఫారం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. నాలుగో ప్రశ్న ఇది: "గత ముప్పది దినములలో తాము పొరుగుదేశ పౌరులతో ఎన్ని పర్యాయములు సహకరించితిరి?"

గవరమ్మ చేట పక్కన పెట్టి విన్నది. "సహకరించడం అంటే ఏటి బాబూ?"

"అవతలి ఊరివాళ్ళకి సాయం చెయ్యడం."

"ఎన్నిసార్లంటే ఏటి సెప్పేది? మీ అమ్మ సేతి మంచినీల్లు ఎన్నిసార్లు తాగినావో నువ్వు రాసుకున్నావేటి?"

నేను "అసంఖ్యాకము" అని రాశాను. చేతిరాత బాగుండబట్టి అది చూడ్డానికి కూడా చాలా అందంగా వచ్చింది.

మొత్తం లెక్క కడితే సహకార సూచిక నూటికి తొంభై ఏడు తేలింది. ఆ మూడూ ఎందుకు తగ్గాయంటే, ఆ నెలలో నాయుడికి జ్వరం వచ్చి మూడు రోజులు ఏటి ఒడ్డుకి రాలేదు. నేను సంబరపడిపోతూ కాగితం తీసుకెళ్ళి ఇద్దరి ముందూ పెట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను, వెర్రివాణ్ణి.

మూర్తిగారు గొంతు సవరించుకున్నారు. "విపత్తు," అన్నారు. "మూడేండ్ల పిమ్మట మనము సాధించవలసిన లక్ష్యము అరువది. వీరు మనము రాకమునుపే తొంబదియేడు సాధించుకొని కూర్చున్నారు!"

"అనుమతి లేకుండా," అన్నారు చక్రధరం గారు.

"ఇది అసంఘటిత సహకారము. దీనికి తీర్మానము లేదు, నివేదిక లేదు, కనీసము ఒక ఛాయాచిత్రమైనను లేదు."

"పోనీ పథకం అక్కర్లేదని రాసేద్దామా అండీ?" అన్నాను నేను.

ఇద్దరూ నాకేసి ఒక్క చూపు చూశారు. నేను పెన్సిలు చెక్కుకున్నాను. పథకానికి సొమ్మిచ్చేది ఎక్కడో దూరాన ఉన్న ఒక పెద్ద సంస్థ. మేం "పైవాళ్ళు" అనేవాళ్ళం. పైవాళ్ళకి పెరుగుదల కావాలి. తొంభై ఏడు నుంచి ఎక్కడికి పెంచుతాం? నూరు దాటిస్తే నవ్వుతారు.

సాయంత్రం దాకా ఆలోచించి చక్రధరం గారు కళ్ళజోడు తుడుచుకుని తేల్చేశారు. పెంచాలంటే ముందు తగ్గించాలి. సున్నా దగ్గర మొదలెడితే ఏ మాత్రం పెరిగినా పెరుగుదలే. "తమరి మేధస్సుకు జోహారు," అన్నారు మూర్తిగారు. సహకార విరామ ఉత్తర్వు నా అందమైన చేతిరాతలోనే వెలువడింది.

మంగళవారం పొద్దున్న రెండు ఊళ్ళలోనూ టముకు వేశారు. నేటి నుండి ఏటికి అవతలివారితో ఇచ్చిపుచ్చుకొనుట, పిలుచుట, పలుకుట, నవ్వుట నిషేధము. ఇదంతా సహకారము పెంపొందించుటకే.

టముకు వినబడేసరికి గట్టువలస నుంచి వచ్చిన పైడయ్య, పల్లవలస ప్రెసిడెంటు గారికి సరిగ్గా సగం గడ్డం గీసి ఉన్నాడు. చట్టం చట్టమే కదా. కత్తి మడిచి పెట్టుకుని ఏరు దాటి వెళ్ళిపోయాడు. ప్రెసిడెంటు గారు ఆ తరవాత ఏ ఫోటోలోనూ ఎదురుగా నిలబడలేదు. గట్టువలస గేదె ఒకటి ఏట్లో పడుకునేది, తల ఇటూ తోక అటూను. దాని పాలు తియ్యడం ఎవరికి సహకారమవుతుందో తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం వాళ్ళు గేదెకి వంద గజాల దూరంలో గొడుగులు వేసుకుని రోజంతా కూర్చుని, అది లేచి వెళ్ళిపోయాక నివేదిక రాశారు.

ఆ మధ్యాహ్నమే గవరమ్మ ఆఫీసు కిందికి వచ్చింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నాకేసి తలెత్తి చూసింది.

"బాబూ, నా ఆకు అవతల ఉంది. మొలిసి పదోరోజు. నెల దాటకుండా ఊడవాల. దాటితే ఆకు ముదిరిపోద్ది, పిలక వెయ్యదు, గడ్డి తప్ప గింజ రాదు. నానేటి సెయ్యాల?"

"అర్జీ పెట్టుకో," అన్నాను.

"పెడితే ఇస్తారేటి?"

పైకి వెళ్ళి అడిగాను. అర్జీ మంజూరు చెయ్యడం కూడా సహకారమే కనక విరామం పూర్తయ్యేదాకా అర్జీలు తీసుకోరని చెప్పారు. విరామం ఎప్పుడు పూర్తవుతుందని అడిగాను. సూచిక సున్నాకి చేరినప్పుడు అన్నారు. కిందికి దిగి ఆమెకి అదే చెప్పాను. నా మాటకి ఆమె కోప్పడలేదు కూడా. చీర కుచ్చెళ్ళు పిండుకుని వెళ్ళిపోయింది.

సూచిక సున్నాకి ఎక్కడ చేరుతుంది! మూడు రోజుల తరవాత లెక్క కడితే ముప్పై ఒకటి ఉంది. అవతల ఎవరో తుమ్మితే ఇవతల నుంచి "చిరంజీవ" అన్నారు, అది నాలుగు. ఏరు దాటి వచ్చిన కోడిని బుట్ట కింద మూసి, మేత వేసి, తిరిగి అటు తోలారు, అది ఆరు. మిగతాదంతా నవ్వులే. మూర్తిగారు తల పట్టుకున్నారు.

"నిషేధము చాలదు. శూన్యము నుండి శూన్యమే పుట్టును. సయోధ్య కుదర్చవలెనన్న మొదట వైరముండవలెను గదా. వైరము లేనిచో మనము ఎవరిని కలుపుదుము?"

వెంటనే ఇంకో ఉత్తర్వు వెలువడింది, ఆ రాత ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. మధ్యస్థ వైర పెంపకం. నిర్వచనం: తిట్టుకొనునంత, కొట్టుకొననంత. ప్రతి మంగళవారం పది నుంచి పదకొండు దాకా రెండు ఊళ్ళవాళ్ళూ చెరో ఒడ్డునా నిలబడి తగువులాడాలి. అందరికంటే ఎక్కువ సహకరించినవాళ్ళు కనక గవరమ్మకి సన్యాసినాయుణ్ణే ప్రత్యర్థిగా కేటాయించారు. అనుబంధంలో చెయ్యదగిన శత్రుచర్యల పట్టిక జత చేశారు. దాన్ని పెద్దగా ఎవరూ చదవలేదు.

మొదటి తగువుకి జనం పండగలా వచ్చారు. డైరెక్టర్లిద్దరూ ఏటి మధ్య ఆఫీసు మంచె మీద కుర్చీల్లో కూర్చున్నారు. నేను పుస్తకం విప్పాను. పది కొట్టగానే గంట వాయించాను.

రెండు ఒడ్లవాళ్ళూ పక్కవాళ్ళ మొహాలు చూసుకున్నారు.

"మొదలెట్టు గవరీ," అన్నాడు నాయుడు చివరికి, తలపాగా సర్దుకుంటూ. అరవై దాటినవాడు, పుట్టి బుద్ధెరిగి ఎవరినీ తిట్టినవాడు కాదు.

"నువ్వే మొదలెట్టు బావా. పెద్దోడివి."

"పెద్దోడినని నామీద తోసెత్తావేటి? సరే కానీ. ఓసి, నీ జిమ్మడా!"

"నీ జిమ్మడా!"

"నా మాటే నాకు సెప్తావేటే? ఏరేది సెప్పు."

"నాకేరేది రాదు. నువ్వో రెండు సెప్పు, సూసి నేర్చుకుంతాను."

నాయుడు ఊపిరి పీల్చుకుని పెద్దగా అరవబోయాడు. దగ్గు తెర కమ్ముకొచ్చి వంగిపోయాడు. గవరమ్మ ఒక్కసారి నీళ్ళలో రెండడుగులు వేసింది. "దగ్గింకా తగ్గనేదా బావా? మిరియాల కసాయం తాగమంటే తాగవు. అక్కకి సెప్పనా?"

"తొమ్మిది మార్కులు తగ్గింపు!" అని పైనుంచి కేకపెట్టారు చక్రధరం గారు.

"ద్వేషమున ఆర్ద్రత కానవచ్చుచున్నది," అన్నారు మూర్తిగారు విచారంగా. "వీరికి శిక్షణ కావలెను."

ఇరవై మూడో రోజు సోమవారం గవరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి మెట్లెక్కి పైకి వచ్చి నా బల్ల ముందు చతికిలబడింది. నీరు తీసిందనీ, పొలం దమ్ముకి ఎదురు చూస్తోందనీ, అవతల ఆకు జానెడు దాటి ఎదిగి గాలికి ఊగుతుంటే కనబడుతోందనీ చెప్పింది. చెబుతూ కొంగుతో మొహం తుడుచుకుంది. నేను కాగితాలు సర్దాను.

"బాబూ, నాకు సదువు రాదు. తగువులో ఏటేటి సెయ్యచ్చో ఓపాలి సదివి సెప్పు. రేపు మల్లీ తప్పు సేత్తే మార్కులు కోసేత్తారు."

అనుబంధం తీసి చదివాను. "ఒకటి. దూషణ. రెండు. శత్రువు పొలములోనికి పశువులను తోలి తొక్కించుట. మూడు. ప్రాణాపాయము లేని వస్తువులను శత్రుభూభాగము మీదికి విసరుట. నాలుగు. గుంపుగా శత్రువు పొలమున అక్రమముగా ప్రవేశించి..."

"రెండోది మల్లీ సదువు."

చదివాను.

"మూడోది?"

చదివాను. గవరమ్మ నాలుగోది కూడా రెండుసార్లు చదివించుకుంది. తరవాత లేచి కొంగు దులుపుకుంది. "ఇయ్యన్నీ సర్కారోల్లే రాసినారా బాబూ? సల్లగుండాల," అంది. నాకు అప్పటికీ వెలగలేదు, ఒట్టు.

మంగళవారం గంట మోగిందో లేదో గట్టువలస ఒడ్డున పెద్ద రంకె వినబడింది. సన్యాసినాయుడు పంచె ఎగ్గట్టి, రెండు జతల ఎద్దులతో, వెనక దమ్ము చెక్కతో ఏరు దాటేస్తున్నాడు. "నీ పొలం నాశినం సేసెత్తానే గవరీ! గింజ పుట్టకుండా తొక్కించెత్తాను సూడు!"

"ఓలమ్మో! తొక్కించెత్తన్నాడు బాబో!" అని గుండెలు బాదుకుంది గవరమ్మ. "ఆ ఈశాన్యం మూల ఒగ్గేసినావు! అదీ తొక్కించు సూద్దాం, మగోడివైతే!"

నాయుడు ఈశాన్యం మూల కూడా తొక్కించాడు. గంటలో పొలమంతా చక్కటి బురదై అద్దంలా తేలింది. మూర్తిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఎంతటి పగ! సమగ్రముగా, ఏ మూలయు విడువక!" చక్రధరం గారు కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. వైర సూచిక డెబ్బై నాలుగు. ఒక్క వారంలో ఇంత అభివృద్ధి ఏ దేశంలోనూ జరిగి ఉండదని ఇద్దరూ కావిలించుకున్నారు. మంగళవారాలు చాలవని, ఇకనుంచి తగువు రోజూ పది నుంచి సాయంత్రం దాకా జరగాలని అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు.

బుధవారం గట్టువలస వాళ్ళు తెల్లవారకముందే ఆకు తీసి కట్టలు కట్టుకుని కూర్చున్నారు. పది కొట్టగానే విసరడం మొదలైంది. ఆకాశం పచ్చబడిపోయింది. "ఇదిగో తిను! ఇదిగో సావు!" అని వాళ్ళు అటునుంచి, "ఇంతేనా మీ సత్తువ? ఇంకో ఇరవై ఇసరండి!" అని వీళ్ళు ఇటునుంచి. పడ్డ కట్ట పడ్డట్టే గవరమ్మా ఆమె జట్టు ఆడవాళ్ళూ విప్పి బురదలో గుచ్చేస్తున్నారు. శత్రువు విసిరిన ఆయుధాలను స్వాధీనం చేసుకుని భూమిలో పాతిపెట్టారు అని నమోదు చేశాను. అబద్ధం కాదు కదా.

గురువారం పల్లవలస ఆడవాళ్ళు పదిమంది నడుం బిగించి, నాలుగో అంశం ప్రకారం నాయుడి పొలంలోకి గుంపుగా అక్రమంగా ప్రవేశించారు. పాటలు కూడా పాడారు. అవి యుద్ధగీతాలని నేను సంజాయిషీ రాశాను. నాయుడి పెళ్ళాం గట్టు మీద నిలబడి "పొండే, దొంగముండల్లారా!" అని తిడుతూనే అందరికీ అంబలి ముంతలు అందించింది. చక్రధరం గారు ముంతలేమిటని అడిగారు. యుద్ధఖైదీలకి ఆహారం అన్నాను. ఆయన "నాగరికత!" అని తలూపారు.

నేను ఆ నాలుగు రోజులూ నవ్వినంత నా జన్మలో నవ్వలేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వేవాణ్ణి. శుక్రవారం లెక్కకి వైర సూచిక తొంభై మూడు. ఇక నాయుడి పొలం పూర్తయింది. గవరమ్మది ఎకరం అయింది, అరెకరం మిగిలింది.

ఆ మధ్యాహ్నం పైవాళ్ళ దగ్గర్నుంచి తంతి వచ్చింది. వైరం చాలా బాగుందిట, చూసి ముచ్చటపడ్డారుట. పరిశీలకురాలు మందాకినీదేవి గారు మర్నాడే వస్తున్నారుట. ఆమె సమక్షంలో శనివారం పది గంటలకి శాంతి ఒప్పందం మీద సంతకాలు జరగాలిట. సంతకాలు పడిన క్షణం నుంచి శత్రుచర్యలు నిషేధం. ఇకమీదట సహకారం కావలసినవాళ్ళు పద్నాలుగు గళ్ళ దరఖాస్తు పెట్టుకుంటే తొంభై రోజుల్లో పరిశీలిస్తారు.

కబురు ఊరికి నాకంటే ముందే చేరింది. గవరమ్మ పరుగున వచ్చింది, మోచేతుల దాకా బురదతో.

"ఇంకా అరెకరం ఉండిపోనాది బాబూ. రేపు మాకు మద్దేనం దాకా కావాల. సంతకాలు ఆపు."

"ఆపడానికి నేనెవణ్ణి? గుమస్తాని."

"అరెకరం అంటే మీకు కాగితం మీద గీత. నాకు నాలుగు నెల్ల తిండి. ఆకు పీకి కట్టలు కట్టేసినాం. ఏరు దాటకపోతే అక్కడే ఎండిపోద్ది." ఆమె నా బల్ల మీది కాగితాలకేసి చూసింది. "ఇయ్యన్నీ రాసినోడివి నువ్వే కదా బాబూ?"

అంతే అంది. నేనే రాశాను. విరామం నేనే రాశాను, నిషేధం నేనే రాశాను, నవ్వకూడదని కూడా నా చేత్తోనే, సున్నాలు గుండ్రంగా చుట్టి మరీ రాశాను. చచ్చేంత సిగ్గేసింది నాకు. "రేపు పది కొట్టగానే గంట వాయిస్తాను. మీరు మొదలెట్టండి. తరవాత సంగతి నేను చూసుకుంటాను," అనేశాను. ఏం చూసుకుంటానో నాకే తెలియదు.

శనివారం మంచె నిండా మామిడి తోరణాలు కట్టారు. మందాకినీదేవి గారు వచ్చారు. తెల్లచీర, సంచీలో మడత గొడుగు, తక్కువ మాట మనిషి. బల్ల మీద ఒప్పందం పరిచారు. పక్కన వెండి కలం. రెండు ఒడ్ల మీదా జనం నిలబడ్డారు. నేను సంతకాలకని చెప్పి గంట వాయించాను. కట్టలు లేచాయి.

"అదేమిటి?" అన్నారు మందాకినీదేవి గారు, తలమీంచి ఒక నారు కట్ట ఎగిరిపోతుంటే.

"తగువండీ," అన్నాను. "సంతకాలు పడేదాకా ఉత్తర్వు అమల్లోనే ఉంది."

ఆమె రాసుకున్నారు. నేను మూర్తిగారి చెవి దగ్గరికి వంగాను. "అయ్యా, చిన్న మనవి. పథకం పదిహేడో నిబంధన ప్రకారం మొదట సంతకం చేసినవారు శాంతిని అర్థించినవారు, పిమ్మట చేసినవారు అనుగ్రహించినవారు అవుతారు. తమరికి తెలియనిది కాదు." అట్నుంచి తిరిగి వెళ్ళి చక్రధరం గారి చెవిలోనూ ఇదే ఊదాను. అటువంటి నిబంధన ఉందో లేదో నాకు తెలియదు. పదిహేడు దాకా ఎవరూ చదవరని మాత్రం తెలుసు.

మూర్తిగారు గొంతు సవరించుకుని కలం రెండు చేతులా అందించారు. "ముందుగా తమరు."

"అయ్యో, ఎంతమాట! ముందుగా తమరే," అని చక్రధరం గారు కలాన్ని వెనక్కి జరిపారు.

"వయసున తమరు పెద్దవారు."

"జ్ఞానమున తమరు వృద్ధులు."

"తమరు అతిథులు."

"ఏటి మధ్యన అతిథి యెవరు? తమరే కానిండు."

ఇలా ఒక అరగంట. అవతల గవరమ్మ నడుం వంచి వెనక్కి వెనక్కి నడుస్తూ గుచ్చుకుపోతోంది. ఆమె పక్కన పదిమంది. నాయుడు ఒడ్డున నిలబడి విసురుతున్నాడు, దగ్గుతున్నాడు, తిడుతున్నాడు, విసురుతున్నాడు. నేను కలం వంక చూడ్డం, పొలం వంక చూడ్డం.

పదకొండుకి మర్యాద మరీ ముదిరింది. మూర్తిగారు కలాన్ని చక్రధరం గారి జేబులో పెట్టారు. చక్రధరం గారు తీసి మూర్తిగారి చేతిలో పెట్టి వేళ్ళు మూశారు. పదకొండున్నరకి "తమరు" పోయి "మీరు" వచ్చింది. "మీరు పెట్టకపోతే నేను పెట్టేది లేదు." "మీ బెట్టు నాకు మొదటినుంచీ తెలుసు." పావు తక్కువ పన్నెండుకి "నువ్వు" వచ్చింది. "నువ్వు పెట్టవయ్యా!" "నువ్వెవరివయ్యా నన్ను పెట్టమనడానికి? సున్నా ఆలోచన నాది!" "వైరం ఆలోచన నాది!" ఆ గ్రాంథికం ఎటుపోయిందో, ఇద్దరికీ చక్కటి తెలుగు వచ్చేసింది.

"ఇదేమిటి?" అన్నారు మందాకినీదేవి గారు.

"మర్యాదండీ," అన్నాను.

పన్నెండుకి "ఏరా" వచ్చింది. అది వస్తే ఇక ఆగేదేముంది? మూర్తిగారు చక్రధరం గారి కండువా పట్టుకున్నారు. చక్రధరం గారు మూర్తిగారి జుట్టు పట్టుకోబోయారు, అక్కడ లేదు, చెవి పట్టుకున్నారు. బల్ల తిరగబడింది. ఒప్పందం ఏట్లో పడి కిందికి కొట్టుకుపోయింది. దాని వెనకే డైరెక్టర్లిద్దరూ ఒకరినొకరు వదలకుండా, రెండు దేశాల్లోనూ చెరి సగంగా దభీమని పడ్డారు. పడి నీళ్ళలో కూడా కొట్టుకుంటున్నారు. మధ్యస్థ వైరం కాదది, నికార్సయినది.

రెండు ఒడ్లవాళ్ళూ ఒక్క క్షణం నోరు వెళ్ళబెట్టి చూశారు. గవరమ్మ చేతిలో ఆఖరి కట్ట ఉంది. ఆమె తలెత్తి చూసింది, మళ్ళీ వంగింది. ఆ కట్ట పూర్తిగా గుచ్చింది. నడుం నిలబెట్టి, చేతులు పొలంలోనే కడుక్కుని, అప్పుడు ఏట్లోకి దిగింది.

"బావా, నువ్వా సన్నాయన్ని పట్టు. ఈ బరువు నాను సూత్తాను."

ఇద్దరూ చెరో డైరెక్టరునీ రెక్క పట్టుకుని లాగి, చెరో ఒడ్డునా కూర్చోబెట్టారు. నాయుడి పెళ్ళాం ఇద్దరికీ అంబలి పంపింది. పొలం పొడుగునా అరెకరం పచ్చగా నిలబడి ఉంది. మందాకినీదేవి గారు చాలాసేపు రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, "పదిహేడో నిబంధన నేను చదివాను. అది ఆఫీసులో మంచినీళ్ళ కుండ గురించి," అన్నారు. నేను నేల చూశాను. ఆమె మాత్రం గొడుగు విప్పుకుని నవ్వుతూ వెళ్ళిపోయారు.

నెల తిరిగేసరికి, నారు పిలకలు వేసి చేను కమ్ముకునే వేళకి, పైవాళ్ళ ఉత్తర్వు వచ్చింది. గట్టువలస, పల్లవలస గ్రామాలలో సహకారానికి అవకాశమే కనిపించడం లేదు కనక రెండింటినీ పథకం నుంచి తొలగిస్తున్నామన్నారు. అసలైన సరిహద్దు వైరం కార్యాలయ స్థాయిలో ఉన్నట్టు పరిశీలనలో తేలింది కనక పథకాన్ని అక్కడ మరో అయిదేళ్ళు పొడిగిస్తున్నామన్నారు. లబ్ధిదారుల సంఖ్య ఇద్దరు.

ఉత్తర్వు పట్టుకుని పొలానికి వెళ్ళి గవరమ్మకి చదివి వినిపించాను. ఆమె కలుపు తీస్తూ విన్నది. నాయుడు గట్టు మీద చుట్ట కాల్చుకుంటున్నాడు.

"అంటే ఆలిద్దరికీ ఇంకా మాటల్నేవా బాబూ?"

"లేవు. ఒకే ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు రాసుకుంటున్నారు."

"అయిదేల్లే! పాపం." ఆమె నిజంగానే బాధపడింది. కాసేపు కలుపు పీకి, మళ్ళీ తల ఎత్తింది. "వొచ్చే ఏడు ఊడుపులకి ఆలిద్దర్నీ తోలుకురా. ఒకడు ఆకు తియ్యాల, ఇంకొకడు గుచ్చాల. ఒక్క పూట సాలు. ఏటి బావా?"

"ఇద్దరూ నా జట్టులో వద్దు," అన్నాడు నాయుడు. "ఒకడు నీకు, ఒకడు నాకు."